దక్షిణంగా తిప్పుదామన్న మాట

1981 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, షికాగోకి పడమటి వైపు, నేపర్‌విల్ దాటాక వచ్చే మొక్కజొన్న చేలలో ఒక ఎయిర్‌షిప్ కూలిపోయింది. హీలియం నింపిన పొడవాటి గుడ్డ సంచీ, దాని పొట్టకి అతుక్కుని వ్యానంత క్యాబిన్, వెనక నాలుగు తోకరెక్కలు. ఆ వేసవంతా అది ఒక సబ్బుల కంపెనీ పేరు ఒంటి మీద రాయించుకుని సరస్సు ఒడ్డున మెల్లగా తిరుగుతూ ఉండేది. బీచిలో పిల్లలు చేతులూపితే పైలట్ దాని ముందుభాగం కొంచెం కిందికి వంచి పలకరించేవాడు. ఆ రోజు అందులో ఇద్దరే ఉన్నారు. పైలట్ ఎర్ల్ డాబిన్స్ రెండు కాళ్లూ నడుమూ విరిగి బతికాడు. మెకానిక్ లాయిడ్ క్రేన్ అక్కడికక్కడే పోయాడు.

మర్నాటికల్లా వాషింగ్టన్ నుంచి విచారణ బృందం దిగింది. అందులో ఆమోసు అనే ఇంజనీరు ఉన్నాడు. బందరు మనిషి. చదువుకి వచ్చి, ఉద్యోగంలో కుదిరి, వర్జీనియాలో హెర్న్‌డన్ అనే చిన్న ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాడు. విరిగిన లోహాన్ని చూసి అది ఎప్పుడు, ఎందుకు విరిగిందో చెప్పడం అతని పని. వయసు యాభైకి దగ్గర పడింది. భార్య మేరీ పోయి నాలుగేళ్లయింది. ఒక్కతే కూతురు శాంతి కాలేజీ హాస్టల్లో ఉంటోంది. ఎక్కడ ప్రమాదం జరిగినా పెట్టె సర్దుకుని బయల్దేరడానికి ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు.

చేలో ఆ గుడ్డ సంచీ ఎకరం మేర పరుచుకుని ఉంది. గాలి వచ్చినప్పుడల్లా ఒక మూల లేచి మళ్లీ పడుతోంది. మొక్కజొన్న కంకులు దాని కిందే నలిగి పచ్చి వాసన వేస్తున్నాయి. చేను గలావిడ రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తను చూసింది చెప్తోంది. పడమట నల్లగా మబ్బు పట్టిందనీ, ఆ మబ్బుకి ఎదురుగా ఇది వచ్చిందనీ, ఉన్నట్టుండి తోక పక్కకి ముడుచుకుపోయిందనీ.

తోకరెక్కల్ని సంచీకి బిగించి పట్టే ఇనుప తీగలుంటాయి. ప్రతి తీగ చివరా అరచేతిలో పట్టేంత కొక్కెం ఉంటుంది. ఎడమవైపు కింది రెక్క కొక్కెం రెండు ముక్కలై దొరికింది. విరిగిన చోటుని ఆమోసు ఎండలోకి తిప్పి చూశాడు. దాన్ని కవర్లో పెట్టి మీద చీటీ అంటించాడు.

అప్పటికే పేపర్లో, ఎయిర్‌షిప్ నడిపే కంపెనీ లాయరు మాట వచ్చేసింది. వాతావరణం బాగా లేదని రేడియోలో చెప్పినా పైలట్ విన్లేదని.

*

ఆస్పత్రిలో ఎర్ల్ గది గుమ్మానికి అడ్డంగా ఒక నర్సు నిలబడింది. ఆమోసు తన కార్డు చూపించాడు. ఆవిడ దాన్ని చదివి తిరిగి ఇచ్చేసి, ఈ రోజు కుదరదని ఇంగ్లీషులో చెప్పింది. గుండె మీద బిళ్లలో వి. కుమారి అని ఉంది. ఆమోసు తెలుగులో, రెండు నిమిషాలు చాలండి అన్నాడు.

ఆవిడ కళ్లు ఒక్క క్షణం నవ్వాయి. మనిషి మాత్రం జరగలేదు.

"తెలుగులో అడిగినా ఆన్సర్ అదేనండి," అంది.

ఆమె పూర్తి పేరు వసంతకుమారి. పాలకొల్లులో పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, పదేళ్ల కిందట ఈ దేశం వచ్చింది. చెల్లెలు లూసీ కుటుంబం షామ్‌బర్గ్‌లో ఉంటే, ఆమె ఆస్పత్రికి దగ్గరలో అపార్ట్‌మెంటు తీసుకుని ఒక్కతే ఉంటోంది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డు పడి, నలభై దాటాక ఆ మాట రావడమే మానేసింది.

మూడో రోజు డాక్టరు ఒప్పుకున్నాక ఆమే ఆమోసుని లోపలికి తీసుకెళ్లింది. తను మంచం పక్కనే నిలబడింది. ఎర్ల్ అరవై ఏళ్ల బక్క మనిషి. కాళ్లు రెండూ పైకి వేలాడదీసి కట్టారు. మందుల మత్తులో కళ్లు సగం మూసుకునే ఉన్నాయి. ఆమోసు తన పేరు చెప్పి, ఏం గుర్తుంటే అది చెప్పమన్నాడు.

ఎర్ల్ పైకప్పు చూస్తూ, "దక్షిణంగా తిప్పుదామన్నాడు లాయిడ్. నేను తిప్పలేదు," అన్నాడు.

ఆమోసు పెన్ను మూత పెట్టేశాడు. రెస్ట్ తీసుకోండి, మళ్లీ వస్తానని లేచాడు. వసంతకుమారి అతని వెనకే నడవాలోకి వచ్చింది. ఎందుకు రాసుకోలేదని అడిగింది.

"మందుల మత్తులో ఉన్న మనిషి మాట నేను రాసుకోకూడదండి. బాగయ్యాక వచ్చి మళ్లీ అడుగుతాను. అప్పుడూ ఇదే చెప్తే అప్పుడు రాస్తాను."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నేను విననట్టే."

ఆవిడ అతన్ని కింద కాఫీ దగ్గరికి తీసుకెళ్లింది. ఎర్ల్ గురించి ఆమె అక్కడ చెప్పింది. అతనికి పెళ్లాం పిల్లలు లేరు. ఇరవై ఏళ్లుగా లాయిడ్ ఇంట్లోనే ఆదివారం భోజనం. ఇప్పుడు వచ్చేవాళ్లందరూ నీ తప్పేమీ లేదు, నీ తప్పేమీ లేదు అని చేయి నిమిరి వెళ్తున్నారు. వాళ్లు వెళ్లగానే అతను మొహం గోడవైపు తిప్పేసుకుంటున్నాడు. తిండి ముట్టడం లేదు, నిద్ర పోవడం లేదు. లాయిడ్ భార్య ఐరీన్ మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఆమోసు వింటూ కాఫీ తాగాడు. వెళ్లబోయే ముందు ఆమె, ఆదివారం ఇక్కడే ఉంటే షామ్‌బర్గ్‌లో తెలుగు ఆరాధన ఉందని, రావాలనుంటే లూసీ వాళ్లు వచ్చి పికప్ చేసుకుంటారని చెప్పింది.

*

షామ్‌బర్గ్‌లో ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ ఆరాధన అయిపోయాక హాలు తెలుగువాళ్లకి ఇచ్చేవారు. పది పన్నెండు కుటుంబాలు. పాస్టరు దైవాశీర్వాదం వారమంతా ఒక ఫ్యాక్టరీలో లెక్కలు చూసుకుని ఆదివారం ప్రసంగం చెప్పేవారు. కొత్తవాళ్లు లేచి నిలబడి పేరూ ఊరూ చెప్పాలన్నది అక్కడి పద్ధతి. ఆమోసు లేచి వందనాలు చెప్పి, బందరు అన్నాడు. వెనక నుంచి ఎవరో, మాది చిలకలపూడి అన్నారు. అందరూ తిరిగి చూశారు. మేరీ పోయాక అతను తెలుగు ఆరాధనకి వెళ్లడం అదే మొదటిసారి.

ప్రార్థన విన్నపాల సమయంలో వసంతకుమారి లేచి, ఎర్ల్ అనే మనిషి కోసం ప్రార్థన చేయమని అడిగింది. అతను మన చర్చివాడు కాదు, ఏ చర్చివాడూ కాదు, ఒక్కపూటైనా కడుపు నిండా తినాలని ప్రార్థన చేయండి అంది. ప్రమాదం గురించి గానీ విచారణ గురించి గానీ ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆమోసు తల వంచుకునే ఆమెని చూశాడు.

తర్వాత బేస్‌మెంటులో భోజనాలు. పులిహోర, కోడికూర, అట్ట డబ్బాల్లో కొనుక్కొచ్చిన కేకు. లూసీ అతని పక్కనే కూర్చుని, ఇల్లు ఎక్కడ, పిల్లలెందరు, వంట ఎవరు చేస్తారు అని ఒకటొకటీ అడిగింది. వసంతకుమారి దూరం నుంచే చెల్లెలి వైపు ఒక చూపు చూసింది. లూసీ ఆపలేదు.

*

అక్టోబర్లో లాబ్ నుంచి కొక్కెం రిపోర్టు వచ్చింది. ఆమోసు మళ్లీ షికాగో వచ్చాడు. ఎర్ల్‌కి కట్లు విప్పారు. అదే ఆస్పత్రిలో నడక నేర్పే వార్డుకి మార్చారు. నొప్పి మందులు ఆపేసి చాలా రోజులైంది. ఆమోసు అతని ఎదుట టేపు రికార్డరు పెట్టి మళ్లీ అడిగాడు. ఎర్ల్ అదే చెప్పాడు. ఈసారి ఇంకొంచెం వివరంగా చెప్పాడు. మబ్బు కనిపిస్తోంది. రేడియోలో కంపెనీవాళ్లు జాగ్రత్త అన్నారు. దక్షిణంగా తిప్పి వాన వెళ్లేదాకా అటే తిరుగుదామని లాయిడ్ అన్నాడు. గంట ఆలస్యమవుతుంది, ముందే దిగిపోగలం అనుకున్నాను. అంతే. దిగలేకపోయాను.

ఆ మాట లాయిడ్ అన్నాడని ఎర్ల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. రేడియోలో అది లేదు. ఆమోసు ప్రతి మాటా రాసుకున్నాడు.

పార్కింగ్ లాట్‌లో వసంతకుమారి అతన్ని ఆపింది. డ్యూటీ దిగి, కోటు వేసుకుని, కారు తాళం చేతిలో పట్టుకుని ఉంది. ఆ మాట రిపోర్టులోంచి తీసేయమంది. కంపెనీ లాయర్లకి అది దొరికితే అతన్ని నిలువునా నరికేస్తారని, ఇప్పుడిప్పుడే సూప్ తాగుతున్నాడని చెప్పింది.

ఆమోసు జేబులోంచి ఒక ఫొటో తీసి చూపించాడు. విరిగిన కొక్కేన్ని పెద్దది చేసి తీసిన ఫొటో. అందులో ఒకదాని పక్కన ఒకటిగా వంకర గీతలు.

"మన సముద్రం దగ్గర అల వెనక్కి పోయాక ఇసుకలో గీత మిగుల్తుంది చూశారా, అలాంటివే ఇవి. పగులు ఒక రోజు కొంచెం, ఇంకో రోజు ఇంకొంచెం పెరిగింది. నెలల తరబడి. పైన గొట్టం తొడుగుంది కాబట్టి లాయిడ్ కాదు, ఎవరు చూసినా కనపడదు. చౌక రకం లోహం వాడారు. కంపెనీ తప్పిది. నేను రాస్తాను."

"మరి ఇది చాలదా?"

"ఇది నిజం కాబట్టి రాస్తున్నానండి. అదీ నిజమే. ఒకటి దాచి ఇంకోటి రాస్తే, రేపు ఎవరైనా అడిగినప్పుడు దీన్ని కూడా నమ్మరు."

"మీకు మనుషులు కనపడరండి. మెటల్ ఒక్కటే కనపడుతుంది," అంది వసంతకుమారి. కారెక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అతను ఎర్ల్ ఎలా ఉన్నాడో కనుక్కుందామని వార్డుకి రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ వేరే నర్సులే మాట్లాడారు.

*

బహిరంగ విచారణ ఫిబ్రవరిలో అని నిర్ణయించారు. దానికి ముందు సాంకేతిక కాగితాలన్నీ కంపెనీకీ పైలట్‌కీ పంపించారు. అవి ఎర్ల్‌కి చేరాయి. అతను కవరు చింపలేదు. దాన్ని రాసిన మనిషి వచ్చి చెప్తే వింటానని కబురు పెట్టాడు. బృందం పెద్ద ఒప్పుకున్నాక ఆమోసు మంచులో కారు అద్దెకి తీసుకుని వచ్చాడు.

మధ్యాహ్నం. ఎర్ల్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. వసంతకుమారి బయటికి పోబోతుంటే, ఉండమన్నాడు. ఆమె మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఆమోసు వైపు చూడలేదు.

ఆమోసు కొక్కెం గురించి అంతా చెప్పాడు. ఎర్ల్ విని, "అందరూ నా తప్పేమీ లేదంటున్నారు. కంపెనీ అంతా నా తప్పే అంటోంది. మీరు లెక్కలు కట్టే మనిషి. నాది ఎంత?" అని అడిగాడు.

ఆమోసు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఆ కొక్కెం ఎలాగైనా విరిగేది. గాలీ వానా లేని రోజున కూడా. నా లెక్కలో ఇంకో నెల, మహా అయితే రెండు. అప్పుడు అది ఊరి మీద ఎగురుతూ ఉండొచ్చు, లోపల ఇంకా నలుగురు ఉండొచ్చు. అది మీది కాదు. అందులో ఒక్క వీసం కూడా మీది కాదు. కానీ మీరు దక్షిణంగా తిప్పి ఉంటే ఆ రోజు విరిగేది కాదు. లాయిడ్ ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేవాడు. అది మీది. ఆ ఒక్క రోజు మీది."

వసంతకుమారి కళ్లు మూసుకుంది.

ఎర్ల్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. మొదట శబ్దం రాలేదు. వచ్చాక ఆపుకోలేకపోయాడు. ప్రమాదం జరిగాక అతను ఏడవడం అదే మొదలని వసంతకుమారికి తెలుసు. ఆమె దగ్గరికి వెళ్లి అతని తల తన పక్కకి ఆనించి పట్టుకుంది. ఆమోసు అక్కడే కూర్చున్నాడు. లేచి పోలేదు.

"ఒక్క రోజు," అన్నాడు ఎర్ల్ చివరికి, మొహం తుడుచుకుంటూ. "ఇన్నాళ్లూ మొత్తం మోస్తున్నాను. లేకపోతే ఏమీ లేదని అబద్ధం చెప్తున్నారు. ఒక్క రోజంటే నేను మొయ్యగలను."

ఆ సాయంత్రం అతను ట్రేలో ఇచ్చిందంతా తిన్నాడు. బఠాణీలు కూడా. వసంతకుమారి హోటల్‌కి ఫోన్ చేసి ఆమోసుకి ఆ సంగతి చెప్పింది. పార్కింగ్ లాట్‌లో తను అన్న మాట తప్పని ఆమె చెప్పింది. అదేం లేదండి, నాకు చాలామంది ఆ మాటే అంటారని అతను అన్నాడు. "ఇంకెవరన్నా అంటే నాకు చెప్పండి," అంది.

*

విచారణ కౌంటీ హాల్లో జరిగింది. వసంతకుమారి సెలవు పెట్టి ఎర్ల్‌ని తన కారులో తీసుకొచ్చింది. చంకకర్రల మీద అతను ఒక్కో అడుగూ వేస్తూ లోపలికి వచ్చాడు. ముందు వరసలో ఒక చివర ఐరీన్ కూర్చుంది. తెల్లజుట్టు, నల్ల కోటు, ఒళ్లో పర్సు. ఎర్ల్ ఆమెని చూసి ఆగాడు. ఆమె తలెత్తలేదు.

ముందు ఆమోసు సాక్ష్యం చెప్పాడు. తనిఖీ చేయాల్సింది లాయిడ్ కదా, పగులు అతను ఎందుకు పట్టుకోలేదని కంపెనీ లాయరు అడిగాడు. ఆ తొడుగు విప్పకుండా ఎవరికీ కనపడదని, విప్పి చూడమని కంపెనీ పుస్తకంలో ఎక్కడా లేదని ఆమోసు చెప్పాడు. లాయిడ్ తన పని సరిగ్గానే చేశాడని ఇంకో ప్రశ్నకి జవాబుగా మళ్లీ చెప్పాడు. ఐరీన్ అప్పుడు మొదటిసారి తలెత్తి ఈ పొట్టి నల్లటి మనిషి ఎవరా అన్నట్టు చూసింది.

తర్వాత ఎర్ల్‌ని పిలిచారు. వాతావరణం గురించి రేడియోలో విన్నారా అని లాయరు అడిగితే, విన్నానన్నాడు. తర్వాత అడగకుండానే, లాయిడ్ కూడా దక్షిణంగా తిప్పుదామన్నాడు, నేను వినలేదు అని చెప్పాడు. కాగితాల్లో ఉన్న మాటే. అధికారులకి కొత్త కాదు. కానీ ఐరీన్‌కి ఎవరూ చెప్పలేదు. హాల్లో అందరూ ఆమె వైపు చూశారు. ఆమె పర్సు పట్టుకున్న చేతులు బిగుసుకున్నాయి. బృందం పెద్ద కాసేపు విరామం అన్నాడు.

నడవాలో ఎర్ల్ బెంచీ మీద కూర్చున్నాడు. ఐరీన్ నేరుగా అతని దగ్గరికి నడిచి వచ్చింది. వసంతకుమారి అతని ముందుకి వెళ్లబోయింది. ఆమోసు ఆమె మోచేయి పట్టుకుని ఆపాడు.

"ఆ మాట అతను ఎలా అన్నాడు?" అని అడిగింది ఐరీన్.

ఎర్ల్‌కి అర్థం కాలేదు.

"దక్షిణంగా తిప్పుదామని అన్నాడన్నావు కదా. అరిచాడా? గొంతు వణికిందా?"

"లేదు," అన్నాడు ఎర్ల్. "శాండ్‌విచ్ తింటున్నాడు. నాకు సగం ఇచ్చాడు. కాఫీ ఇంకొంచెం పోయనా అని అడిగినట్టు అడిగాడు. నేను వద్దంటే, సరే నీ ఇష్టం అన్నాడు."

"తర్వాత?"

"తర్వాత అంతా ఒక్క నిమిషంలో అయిపోయింది, ఐరీన్. గట్టిగా పట్టుకో అని నేను అరిచాను. అతను నా సీటు పట్టుకుని ఉన్నాడు. తన సీటు కాదు."

ఐరీన్ అతని పక్కన కూర్చుంది. పర్సు తీసి అవతల పెట్టింది.

"భయపడ్డాడేమోనని," అంది మెల్లగా. "ఈ ఆరు నెలలూ అదొక్కటే. పైనుంచి కిందికి వచ్చేలోపు ఎంత భయపడ్డాడో అని. నిన్ను అడగాలి, అడిగితే నువ్వు అవునంటావేమోనని రాలేదు."

ఆమె అతని చంకకర్రల్ని గోడకి సరిగ్గా ఆనించి పెట్టింది. లోపలికి పిలిచేదాకా ఇద్దరూ అలా పక్కపక్కనే కూర్చున్నారు. ఆమోసు ఇంకా వసంతకుమారి మోచేయి వదల్లేదని ఇద్దరికీ కాసేపటికి గానీ తెలియలేదు.

*

ఏప్రిల్లో ఒక శనివారం ఆమోసు మళ్లీ వచ్చాడు. వసంతకుమారి ఎయిర్‌పోర్టుకి డ్రైవ్ చేసుకుని వెళ్లి తీసుకొచ్చింది. ఈసారి ఆఫీస్ పని ఏంటని అడిగింది. ఏమీ లేదండి అన్నాడు.

నేపర్‌విల్‌లో నది పక్కన కొత్తగా వేసిన బాట వెంట నడిచారు. చెట్లకి అప్పుడే చిగుళ్లు. ఆమె అతన్ని మేరీ గురించి చెప్పమంది. అతను పెళ్లి గురించీ, శాంతి పుట్టడం గురించీ చెప్పి, రోగం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. అక్కడ ఒక బెంచీ ఉంటే కూర్చున్నారు.

ఆ ఏడు మార్చిలో మేరీ కడుపు నొప్పి అంది. షాపులో దొరికే మాత్ర ఇచ్చి, వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్దామని చెప్పి అతను ఒక ప్రమాదం విచారణకి అలాస్కా వెళ్లాడు. వచ్చాక ఆమె తగ్గిందంది. జూన్‌లో కళ్లు పచ్చబడ్డాయి. పాంక్రియాస్ క్యాన్సర్ అన్నారు. డిసెంబర్‌లో పోయింది. చర్చిలో అందరూ దేవుని చిత్తం అన్నారు, నువ్వేం చేయగలవన్నారు. ఆ తర్వాత చర్చికి వెళ్లడం మానేశాడు.

"ఎవర్నీ అడగలేదు," అన్నాడు. "మీరు నర్సు. మిమ్మల్ని అడగొచ్చా?"

వసంతకుమారికి అతను ఏం అడుగుతున్నాడో తెలిసింది. ఓదార్చే మాట నోటి చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, నర్సు అడిగినట్టే అడిగింది. ఎంత బరువు తగ్గింది, మొదటి స్కాన్‌లోనే లివర్‌లో కనిపించిందా, ఆపరేషన్ మాట అన్నారా. అతను అన్నిటికీ జవాబు చెప్పాడు. అన్నీ అతనికి నిన్న జరిగినట్టే గుర్తున్నాయి.

"అది మార్చి నాటికే పాకిపోయిందండి," అంది ఆమె. "అప్పుడే తీసుకెళ్లినా బతికేవారు కాదు. ఇంకో మూడు నాలుగు నెలలు దొరికేవేమో. నొప్పికి మందు ముందే పడేది, ఆ స్ప్రింగ్‌లో అంత బాధ ఉండేది కాదు. అది మాత్రం ఉంది. అంతకన్నా లేదు."

ఆమోసు నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. బాతులు ఒడ్డుకి వచ్చి, తినడానికి ఏమీ దొరక్క వెళ్లిపోయాయి. చాలాసేపటికి అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె చేయి బెంచీ మీద ఉంది. దాని మీద తన చేయి పెట్టాడు.

"మీరు అబద్ధం చెప్తారేమో అనుకున్నాను," అన్నాడు.

"చెప్దామనే అనుకున్నానండి," అంది.

ఆ సాయంత్రం లూసీ ఇంట్లో భోజనాల దగ్గర ఇద్దరూ ఎప్పటికన్నా తక్కువ మాట్లాడారు. లూసీకి అది చాలింది. మర్నాడు ఆరాధన అయ్యాక పాస్టరు దైవాశీర్వాదం గారిని పక్కకి తీసుకెళ్లి మాట్లాడింది. ఆయన వచ్చి ఆమోసుని పెళ్లి మాట సూటిగా అడిగారు. ఆమోసు, ముందు మా అమ్మాయిని అడగాలండి అన్నాడు.

శాంతికి ఫోన్ చేసి చెప్పడానికి అతనికి చాలా సమయం పట్టింది. వాతావరణం గురించీ, పరీక్షల గురించీ, కారు ఆయిల్ గురించీ మాట్లాడాడు. చివరికి శాంతే, "డాడీ, ఆ నర్స్ ఆంటీ గురించేనా?" అంది. నీకెలా తెలుసన్నాడు. "నువ్వు టూ మంత్స్ నుంచి ప్రతి కాల్‌లో ఆమె చెప్పు... చెప్పింది, ఆమె చెప్పింది అంటున్నావ్. ఐ కౌంటెడ్." ఆమెకి కోపంగా ఉందేమోనని అతను ఎదురు చూశాడు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. తర్వాత, అమ్మ ఫొటో హాల్లోంచి తీయొద్దు అంది. తీయను అన్నాడు. వసంతకుమారితో ఆ మాట చెప్తే, తీస్తే నేనే ఊరుకోనంది.

ఆ వేసవిలో తుది నివేదిక వచ్చింది. ముఖ్య కారణం కొక్కెంలో పగులు, నాసిరకం లోహం, తనిఖీ పద్ధతిలో లోపం అని రాశారు. తోడైన కారణం, వాతావరణం గురించి తెలిసీ పైలట్ దారి మార్చకపోవడం. కంపెనీ వాళ్ల రెండో ఎయిర్‌షిప్‌ని నేలకి దించి తొడుగులు విప్పి చూస్తే, మరో కొక్కెంలో కూడా అలాంటి పగులే దొరికింది. అది ఆ వారమే ఒక ఫుట్‌బాల్ స్టేడియం మీద ఎగరాల్సి ఉంది. ఎర్ల్ మళ్లీ పైలట్‌గా ఎగరలేదు. లైసెన్సు ఎవరూ తీసేయలేదు, తనే తిరిగి ఇచ్చేశాడు. ఆదివారాలు ఐరీన్ ఇంట్లో భోజనం మాత్రం మొదలైంది.

పెళ్లి 1983 మేలో షామ్‌బర్గ్‌లో జరిగింది. శాంతి రెండు రోజులు ముందే వచ్చి వసంతకుమారి చీర కుచ్చిళ్లు తనే పెడతానని పట్టుబట్టి, రాక, లూసీ చేత పెట్టించింది. ఎర్ల్, ఐరీన్ కలిసి వచ్చారు. అతను ఒక్క చేతికర్ర మీద నడుస్తున్నాడు. పాటలన్నీ తెలుగులోనే. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఐరీన్ చివరిదాకా పుస్తకం తెరిచి పట్టుకునే నిలబడింది. ఎర్ల్ బేస్‌మెంటులో పులిహోర రెండుసార్లు వేయించుకుని, కోడికూర కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని, వసంతకుమారి వచ్చి నీళ్లిస్తే, ఆస్పత్రి బఠాణీల కన్నా ఇది నయమన్నాడు.

సోమవారం ఉదయం ఆమె సామాను కారు వెనక సర్దుకుని ఇద్దరూ హెర్న్‌డన్‌కి బయల్దేరారు. వసంతకుమారి డ్రైవ్ చేస్తానంది. ఇండియానా దాటేదాకా ఆమోసు మ్యాపు ఒళ్లో పెట్టుకుని మెలకువగానే ఉన్నాడు. తర్వాత తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. నోరు కొంచెం తెరిచి, కళ్లద్దాలు పక్కకి జారి. ఆమె ఒక చేత్తో వాటిని మెల్లగా తీసి, మడిచి, తన కొంగులో పెట్టుకుంది. రేడియో తగ్గించి ముందుకి పోనిచ్చింది.